వేడి రాళ్ళ మీద

ఎప్పుడొస్తుందో చెప్పలేమంది గైడు. పావుగంటలో రావచ్చు, ముప్పావుగంట పట్టొచ్చు, అది నీళ్ళ ఇష్టం అని నవ్వి, మమ్మల్ని ఈ రాతిమెట్ల మీద వదిలేసి ఇంకో గుంపు దగ్గరికి వెళ్ళిపోయింది. సరే కూర్చుందాం, నాకు మాత్రం ఏం పనుంది కనుక. ఎదురుగా తెల్లగా, పసుపుగా పెచ్చులు కట్టిన బండ, వేడినీళ్ళు పైకి ఎగజిమ్మే దాని నోట్లోంచి ఆవిరి, గాలి ఇటు తిరిగితే కుళ్ళిన కోడిగుడ్డు వాసన. భూమిలోంచి వేడి తన్నుకొచ్చి ఈ మెట్లు పెనంలా కాలుతున్నాయి. జనం మాత్రం ఎంత హాయిగా ఉందో అనుకుంటూ వాటి మీద వెల్లకిలా పడుకుంటున్నారు. కూర్చో కిరణ్, నీ నడుముకి మంచిది, హాట్ ప్యాక్ పెట్టినట్టుంటుంది అన్నాడు వంశీ. కూర్చున్నాను. బ్యాగు మాత్రం ఒళ్ళో పెట్టుకున్నాను, రాయికి తగలనివ్వలేదు. బ్యాగులో పులిహోర డబ్బా, మా పాప నిరు వానకోటు, తడి టిష్యూలు, అన్నిటికంటే అడుగున, నా పాత చున్నీలో చుట్టిన చిన్న చెక్కపెట్టెలో, మా అబ్బాయి.

జులైలో పుట్టాడు. ఒక రాత్రి ఉన్నాడు, తెల్లారేసరికి లేడు. గుండె లోపలి గోడ కట్టుకోలేదని, ఇందులో ఎవరి తప్పూ లేదని డాక్టరమ్మ నా చెయ్యి పట్టుకుని చెప్పింది, చెప్పిందే మళ్ళీ చెప్పింది. తర్వాత ఎవరో మెల్లగా అడిగారు, మీ వాళ్ళల్లో ఏం చేస్తారు, పూడుస్తారా, దహనం చేస్తారా అని. వంశీ ఫోను పట్టుకుని కారిడార్లోకి వెళ్ళాడు. ఎవరితో మాట్లాడాడో నేను అడగలేదు, ఆఫీసుకేమో అనుకున్నాను. తిరిగొచ్చి, మేం హిందువులం, క్రిమేషన్, అన్నాడు, బ్యాంకువాళ్ళకి పుట్టినరోజు చెప్పినట్టు గబగబా. నేను తలూపానో లేదో గుర్తు లేదు. మందుల మత్తులో ఉన్నాను. ఒంట్లో మిగతావన్నీ మొద్దుబారిపోయినా పాలు మాత్రం పడ్డాయి, తాగేవాడు లేని పాలు, బట్టలన్నీ తడిసిపోయేవి. కొన్నాళ్ళకి అమ్మ ఫోన్ చేసి, బిడ్డని పెట్టిన చోటు దగ్గరేనా, వెళ్ళి చూసొస్తున్నావా అని అడిగింది. పెట్టడమేంటమ్మా, దహనం చేశాం కదా అన్నాను. దానికి అమ్మ అన్న మాట ఇప్పటికీ ఈ చెవిలోనే ఉంది.

"పళ్ళు కూడా రాని పసిగుడ్డుని ఎవరైనా నిప్పుల్లో పెడతారటే? మట్టిలో పెడతారు కదే తల్లీ, ఒళ్ళో పడుకోబెట్టినట్టు."

అమ్మకి వెంటనే తెలిసిపోయింది నాకు తెలియదని. పోన్లే, దేశం కాని దేశం, మీకెవరు చెప్పేవాళ్ళున్నారు, దేవుడేమీ అనుకోడులే అని ఏదేదో సర్దింది. నేను ఫోన్ పెట్టేసి వంటింట్లో నేల మీద కూర్చుండిపోయాను. నిజమే, ఎవరు చెప్పారు మాకు. మన ఇళ్ళల్లో పెళ్ళికి ఏ పూట ఏం వండాలో పదిమంది చెప్తారు, పసిపిల్ల పోతే ఏం చెయ్యాలో నోరెత్తరు, ఆ మాట అంటేనే అశుభం. తాతయ్య పోయినప్పుడు కట్టెలు చూశాను, నిప్పు చూశాను, అందరికీ అంతే కాబోలనుకున్నాను. వంశీ కూడా అలాగే అనుకుని ఉంటాడు. ఇద్దరం ఇంజినీర్లం, ఇంటర్నెట్లో చూడకుండా టీ ఫిల్టర్ కూడా కొనం, ఇది మాత్రం ఎవరినీ అడగలేదు. రెండు కిలోల బిడ్డని, నా వేలు పట్టుకున్న బిడ్డని, నిప్పుల్లో పెట్టాం. అన్నం వార్చేటప్పుడు ఆవిరి చేతికి తగిలినా వాడే గుర్తొస్తాడు. ఎంత వేడి ఉంటుంది అక్కడ, ఎంతసేపు, ఒక్కడే కదా లోపల, ఇలాంటివి ఆలోచిస్తాను, ఆఫీసు మీటింగులో కెమెరా ఆపేసి ఆలోచిస్తాను.

వంశీకి చెప్పలేదు. ఎలా చెప్పను, రోజూ పొద్దున స్నానం చేసి దేవుడి అల్మరాలో ఆ పెట్టె ముందు దీపం పెట్టి గానీ కాఫీ తాగడు. ఈసారి ఇండియా వెళ్ళినప్పుడు గోదావరిలో కలుపుదాం అంటాడు, టికెట్లు చూస్తాడు, మళ్ళీ ఎందుకో ఊరుకుంటాడు. చెయ్యాల్సింది సరిగ్గా చేశానన్న ఆ ఒక్క ధైర్యమే అతన్ని నిలబెడుతోంది, అది కూడా లాగేస్తే మనిషి ఏమైపోతాడో. అలా అని నా మీద నాకు జాలి, అతని మీద ప్రేమ, అంతా ఇదే అనుకోకండి. నాకు ఒళ్ళు మంట. రాత్రి పక్కకి తిరిగి నిద్రపోతున్న ఆ వీపుని చూస్తే, ఒక్క ఫోన్ చేసి పెద్దవాళ్ళని అడిగి ఉంటే సరిపోయేది కదరా అని లేపి అరవాలనిపిస్తుంది. అరవను. పొద్దున లేచి ఉప్మా చేస్తాను. ఇలా ఉప్మాలు చేసీ చేసీ నేను లోపల చచ్చిపోతున్నాను, అందుకే ఇవాళ చెప్పెయ్యాలని పెట్టె తీసి బ్యాగులో పెట్టుకున్నాను. చెప్పేసి, వాడిని ఈ భూమిలోనో, ఈ నీళ్ళలోనో ఎక్కడో ఒకచోట వదిలిపెట్టి ఇంటికి పోవాలి.

అసలు ఈ ట్రిప్పు ఎవరడిగారు. కాస్త చేంజ్ ఉంటుంది అన్నాడు వంశీ. నిరుకి కూడా స్కూలు హాలిడేస్, పాపం అదీ ఇంట్లో మన మొహాలే చూస్తోంది అన్నాడు. సరే మరి, వెళ్ళదలచుకుంటే రాగ్లన్ బీచి లేదా, ఇంటికి గంట దూరం, చల్లగా గాలి, ఇసుక. కాదు, రోటోరువా. ఈ దేశం మొత్తం మీద భూమి కుతకుత ఉడికే ఊరు ఏదో వెతికి నన్ను అక్కడికి తీసుకొచ్చాడు మహానుభావుడు. ఇక్కడ బురద ఉడుకుతుంది, చెరువు ఉడుకుతుంది, రోడ్డు పక్క డ్రైనేజీ గ్రిల్లులోంచి పొగ వస్తుంది. ఊళ్ళోకి రాగానే పార్కులో చెట్ల మధ్య ఆవిరి లేస్తుంటే నేను మొహం తిప్పుకున్నాను, అతను ఫొటో తీస్తున్నాడు. పొద్దున దారిలో తిరావు అనే ఊళ్ళో రేకులతో కట్టిన పెద్ద కుక్క బొమ్మ దగ్గర కారాపి నిరుని దాని నోటి కింద నిలబెట్టి తీశాడు, నన్నూ నిలబడమన్నాడు. ఆ ఫొటోలో నేను నవ్వుతున్నాను, చూపించాడు. నవ్వానట. అతను పంపితే చూసి, మా ఇంటి దగ్గరుండే విజయ ఆంటీ వాట్సాప్‌లో చేతులు జోడించిన బొమ్మ పెట్టింది. పాపం ఆవిడ పదిహేను రోజులు మాకు క్యారేజీ పంపింది, కాదనను. రసం గిన్నె మూత తీస్తూ, మళ్ళీ నీ కడుపునే పుడతాడులే అమ్మా అంది. ఆ గిన్నె ఎత్తి సింకులో పోసేశాను, ఆవిడ వెళ్ళాకే లెండి.

నిరు నా మోకాలు మీద తల పెట్టి, ఇంకా రాలేదేంటని ఇంగ్లీషులో విసుక్కుంటోంది. ఏడేళ్ళది. మేం మాట్లాడే తెలుగంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులోనే, అమ్మా, నాన్నా కాకుండా తమ్ముడు అన్న మాట ఒక్కటే తెలుగులో అంటుంది. పులిహోర పెట్టనా అంటే వద్దంది, ఈ వాసనలో ఎలా తింటామంది, డబ్బా ఎలా తెచ్చానో అలాగే ఉంది. పులిహోర కలిపేటప్పుడు కూడా అల్మరా వైపే చూస్తున్నాను నేను. ఆ పెట్టె సంగతి ఇంకొకటుంది, అది కూడా వంశీకి తెలియదు. సెప్టెంబర్లో ఒకరోజు మధ్యాహ్నం ఎవరూ లేనప్పుడు తెరిచాను. ఎందుకు తెరిచానంటే ఏం చెప్పను, తల్లిని, చూడాలనిపించింది. లోపల ప్లాస్టిక్ సంచి, మూతి కట్టేసి ఉంది. సంచి విప్పాను. అడుగున మూలకి అంటుకుని బూడిదరంగు పొడి, నుదుటికి విభూతి పెట్టుకోవడానికి వేళ్ళతో తీసుకుంటామే, అంత. అంతే. ఇంకేమీ లేదు. ఫోన్ చేసి అడిగితే దహనం చేసిన సంస్థలో పనిచేసే ఆయన ఎంతో మర్యాదగా చెప్పాడు, అంత చిన్న పిల్లలకి ఎముకలు లేతగా ఉంటాయండీ, ఒక్కోసారి ఏమీ మిగలదు, మీ ఆయనకి ముందే చెప్పాం, విన్నారో లేదో ఆ పరిస్థితిలో అన్నాడు. వినలేదు. వినుంటే రోజూ ఆ పెట్టెని రెండు చేతులతో అలా ఎత్తి, తుడిచి, మళ్ళీ అలా పెట్టడు. సంచి మూతి మళ్ళీ కట్టేసి మూత బిగించేశాను.

ఇందాక కివి పక్షుల ఇంట్లోకి తీసుకెళ్ళారు. లోపలంతా చీకటి, మాట్లాడకూడదు, ఫొటో తియ్యకూడదు. అద్దం అవతల ఎండుటాకుల్లో ఏదో బొద్దుగా, ముక్కుతో నేల పొడుచుకుంటూ తిరుగుతోంది, అది చాలు నిరు ఊపిరి బిగబట్టడానికి. నేను గోడ మీద ఎక్స్‌రే బొమ్మ దగ్గరే ఆగిపోయాను. ఆడపక్షి ఒళ్ళంతా గుడ్డే. ఊపిరితిత్తులు, పేగులు అన్నీ ఓ పక్కకి నెట్టేసి, ఇంతలేసి గుడ్డు. చివరి రోజుల్లో తిండి తినడానికి కూడా లోపల చోటుండదంది గైడు. చూడండి తల్లి ఎంత కష్టపడుతుందో అని అందరూ నవ్వారు, నేనూ నవ్వినట్టే పెట్టాను మొహం. గుడ్డు పెట్టేశాక తల్లి వెళ్ళిపోతుందట, పొదిగేది తండ్రేనట, రెండు నెలలు పైనే. ఒక్కోసారి గుడ్డు మురిగిపోయినా దానికి తెలియదు, అలా కూర్చునే ఉంటుంది అంది. అప్పుడు వంశీ, ఎవరినీ ఏమీ అడగని వంశీ, మరి దానికి ఎలా తెలుస్తుంది, ఎవరైనా చెప్తారా అని అడిగాడు. గైడు నవ్వి, మేం తీసేస్తాం, దాని కిందనుంచి మెల్లగా తీసేస్తాం అంది. చీకట్లో వంశీ మొహం నాకు కనబడలేదు.

వాడిని ఈ నీళ్ళలో వదుల్దామనుకున్నానా, అదీ లేదు. కింద వాగు దగ్గర కట్టిన రెయిలింగు పక్కన ఆగి గైడు చెప్పింది, ఈ నీళ్ళు మా పెద్దవాళ్ళ నుంచి వచ్చినవి, ఇందులో వండుకుంటాం, ఇందులో స్నానం చేస్తాం, దేనికి దానికి వేరే గుండం, కలపం. చనిపోయినవాళ్ళకి సంబంధించింది తిండి నీళ్ళలోకి రానివ్వం అంది. నావైపు చూసి అన్నట్టనిపించింది గానీ, ఆవిడకేం తెలుసు. బ్యాగు గట్టిగా పట్టుకున్నాను. ఆవిడ మాటలో తప్పేముంది, మా అమ్మ అయినా అంతే అంటుంది. కాన్పు చేసిన మంత్రసానమ్మ కూడా ఈ గైడులాగే ఇక్కడి ఆదివాసుల మనిషే, బిడ్డతో వచ్చిన మాయ తీసుకెళ్ళి ఇంట్లో మొక్క కింద పెట్టుకుంటారా అని అడిగింది. మేం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం, అద్దె ఇల్లు, ల్యాండ్‌లార్డ్ ఏమంటాడో అని వద్దన్నాం. వద్దన్నది నేనే అనుకుంటా. ఆ మాయా మట్టిలోకి పోలేదు, బిడ్డా పోలేదు. ఈ ఊళ్ళల్లో మాది అంటూ వేలెడు మట్టి లేదు. మనురేవాలో స్టూడెంట్ ఫ్లాటు, ఆ తర్వాత జాన్సన్‌విల్‌లో కొండెక్కే అద్దె ఇల్లు, ఇప్పుడు హామిల్టన్, సిటిజన్‌షిప్ రాగానే బ్రిస్బేన్ అని అందరూ అంటున్నదే మేమూ అంటున్నాం. ప్రతిసారీ అట్టపెట్టెలకి టేపులు అంటించేది వంశీయే, మీద ఏముందో మార్కర్‌తో రాసేది వంశీయే.

బండలో పక్కనున్న చిన్న నోట్లోంచి నీళ్ళు పడుతూ లేస్తూ మొదలయ్యాయి. చిన్నది ఎగిసిందంటే పెద్దది వస్తున్నట్టే అని గైడు ముందే చెప్పింది. జనం పడుకున్నవాళ్ళు లేచారు. నిరు చెయ్యి విడిపించుకుని కిందికి, రెయిలింగు దాకా పరిగెత్తింది, చాలు అక్కడే ఆగు అని వంశీ కేకేశాడు, ఆగింది. మేమిద్దరమే మిగిలాం మెట్టు మీద. ఇప్పుడు చెప్పకపోతే ఇంక చెప్పను, నాకు తెలుసు. కారెక్కితే పాటలు పెడతాడు, ఇంటికెళ్తే లాండ్రీ ఉంటుంది, రేపు మళ్ళీ ఉప్మా. అతని మొహం చూడకుండా, ఆవిరిని చూస్తూ అన్నాను.

"వంశీ, పసిపిల్లల్ని కాల్చరంట. మన వాళ్ళల్లో మట్టిలో పెడతారంట."

ఏడుస్తాడనుకున్నాను. ఎవరన్నారు అంటాడనుకున్నాను. అలా ఏమీ కాలేదు.

"తెలుసు" అన్నాడు.

"ఎప్పటినుంచి?"

"ఆ రోజే. కారిడార్లోకి వెళ్ళాను కదా, నాన్నకి చేశాను. పూడ్చిపెట్టాలిరా అన్నాడు. నువ్వే నీ చేత్తో మట్టి వెయ్యి అన్నాడు."

మరి ఎందుకు, అన్నానో, అనలేదో, అతనే చెప్పుకుపోతున్నాడు, నెమ్మదిగా, కారు సర్వీసు గురించి చెప్పినట్టు. "పూడిస్తే వాడు హామిల్టన్‌లోనే ఉండిపోతాడు కిరణ్. మనం ఉండం. ఇన్ని ఊళ్ళు మారాం, రేపు బ్రిస్బేన్ అంటాం. వాడినొక్కడినే ఇక్కడ మట్టిలో వదిలేసి ఎలా వెళ్తాం. బూడిదైతే మనవెంట తీసుకెళ్ళొచ్చనిపించింది. ఎక్కడుంటే అక్కడికి." గోదావరి మాట ఊరికే అందరికీ చెప్పడానికి అన్నాను, నాకు కలపాలని లేదు అన్నాడు. పొద్దున దీపం పెట్టేటప్పుడు చూశాను, పెట్టె లేదు, నువ్వు తెస్తున్నావనుకున్నాను, నువ్వు కూడా వాడిని ఒక్కడినే వదిలి రాలేకపోయావనుకున్నాను అన్నాడు.

తెలిసి చేశాడు. ఇన్ని నెలలు నేను ఎవరి కోసం నోరు నొక్కుకున్నానో ఆ మనిషికి తెలుసు. తెలిసీ, నన్ను ఒక్క మాట అడక్కుండా, నా బిడ్డని సామానులా కట్టుకుపోవడానికి వీలుగా చేయించాడు. లేచి ఆ మొహం మీద కొట్టాలనిపించింది. పైగా నా దగ్గర దెబ్బ ఉంది, చేతికి అందేంత దగ్గరలో ఉంది, ఒక్క మాట చాలు. ఆ పెట్టెలో ఏమీ లేదు వంశీ. నువ్వు వెంట తీసుకెళ్దామనుకున్నది ఏమీ లేదు, వాళ్ళు ముందే చెప్పారట, నువ్వు వినలేదు. మట్టికీ ఇవ్వలేదు, నీకూ మిగల్లేదు, రోజూ నువ్వు దీపం పెట్టేది ఉత్త చెక్కకి. నాలుక చివరికి వచ్చేసింది. బ్యాగు ఒళ్ళోంచి తీసి పక్కన రాయి మీద పెట్టేశాను, విసిరినట్టే పెట్టాను, చేతులు ఖాళీగా ఉంటే గానీ ఆ మాట బయటికి రాదనిపించింది.

అప్పుడు లేచింది అది. భూమి లోపల ఏదో గుడగుడమని, ఒక్కసారి తెల్లగా, చెట్లంత ఎత్తున, మరుగుతున్న నీళ్ళు. జనమంతా ఒక్క గొంతుతో అరిచారు. నిరు వెనక్కి తిరిగి, అమ్మా లుక్, నాన్నా లుక్ అని ఎగురుతోంది, సన్నటి తుంపర మా మొహాల మీద కూడా పడింది, ఇంత దూరం వచ్చేసరికి చల్లబడిపోయి. అందరి ఫోన్లూ పైకి లేచాయి. వంశీ ఫోను తియ్యలేదు. అటు చూడనే లేదు.

"రాయి మీద పెట్టకు కిరణ్, కాలుతోంది" అన్నాడు.

వంగి బ్యాగుని ఎత్తుకున్నాడు. పట్టీ పట్టుకుని కాదు. ఒక చెయ్యి అడుగున, ఒక చెయ్యి వెనక, ఆ రాత్రి ఆసుపత్రిలో నర్సు నేర్పించినట్టు. ఒళ్ళో పెట్టుకుని, కిందివైపు వేడెక్కిందేమోనని అరచేత్తో తడిమి చూశాడు. నేను ఆ చేతినే చూస్తున్నాను. అనాల్సిన మాట అలాగే ఉంది నోట్లో, ఇంకా ఉంది, ఎన్నాళ్ళుంటుందో నాకు తెలియదు. నీళ్ళు లేస్తున్నాయి, పడుతున్నాయి. వంశీ బ్యాగుని కొంచెం తనవైపుకి జరుపుకున్నాడు.

"బరువుగానే ఉన్నాడు కదా" అన్నాడు.

అది పులిహోర డబ్బా బరువు. నేను అవునన్నాను.